లోతు: ఒక చెయ్యి

చొక్కా కాలరు కొన తిప్పుతున్న అత్త చేతిలోని పుల్ల మీద ఇంజనీరమ్మ చూపు పడింది.

కాలరు కుట్టి లోపలి వైపు బయటికి తిప్పేటప్పుడు కొన దగ్గర గుడ్డ ముడుచుకుపోతుంది. సన్నటి మొనతో లోపలి నుంచి పొడిచి దాన్ని నిలబెట్టాలి. ఇన్నాళ్లూ అత్త ఆ పనికి పాత అల్లిక సూది వాడేది. ఇవాళ ఆమె చేతిలో జానెడు దాటిన పుల్ల ఉంది. పెన్సిలంత లావు, నలుపూ తెలుపూ పట్టీలు, రెండు కొనలూ సన్నం.

"ఇదెక్కడిది అత్తా?"

"ఇదా? పెరట్లో దొరికిందే. ఏ పక్షి ఈక కాడో అయ్యుంటుంది. భలే పనికొస్తోందనుకో. గుడ్డ చిరగదు, మొన వంగదు. చూడు, నీ కాలరు కత్తిలా నిలబడింది. ఆఫీసులో నిన్ను చూసి ఒక్కడైనా భయపడాలా వద్దా."

"ఇంతింత ఈకలున్న పక్షి పెరట్లోకొస్తే నువ్వు ఈకతో ఊరుకునేదానివా, పక్షినే పట్టి కుట్టేసేదానివి. ఇంకా ఉన్నాయా?"

అత్త మిషను సొరుగు లాగి, దారపు ఉండల డబ్బా తీసి బల్ల మీద బోర్లించింది. పుల్లలు గలగలమంటూ పడ్డాయి. ముప్పైకి తక్కువుండవు. కొన్ని పొట్టివి, కొన్ని మూరెడు పొడవున్నవి. ఒకదాని మొదట్లో ఎండిన తోలు ముక్క ఇంకా అంటుకునే ఉంది.

"ఎన్నాళ్ల నుంచి ఏరుతున్నావు?"

"ఆర్నెల్లయి ఉంటుంది. ఏమే, అలా చూస్తావేం? విషమా ఏంటి?"

ఇంజనీరమ్మ ఒక పుల్లని వెలుతురుకి పట్టి చూసింది. తను చదువుకున్న కాలేజీలో మెట్ల పక్కన గాజు బీరువా ఒకటుండేది. అందులో దుమ్ము కొట్టుకుపోయిన జంతువొకటి. పంది పిల్లంత ఒళ్లు, ఎలుక మూతి, వీపంతా ఇవే పుల్లలు. కింద కాగితం మీద ముళ్లపంది అని రాసి ఉండేది. నాలుగేళ్లు రోజూ దాని పక్క నుంచే మెట్లెక్కింది.

అత్త కుట్టుగది కిటికీ తెరిస్తే పన్నెండు అడుగుల అవతల కరకట్ట. దానికి అవతల ఏరు. కట్ట కింద వీధిలో అరవై రెండు ఇళ్లున్నాయి. ఆ కట్ట గట్టిగా ఉందని నిన్న మధ్యాహ్నమే ఇంజనీరమ్మ సంతకం పెట్టింది. ఆ కాగితం చూసుకునే పైన రిజర్వాయరు గేట్లు ఎత్తుతారు.

"చొక్కా సాయంత్రం తీసుకుంటా" అని డబ్బాలోంచి గుప్పెడు పుల్లలు పట్టుకుని బయటికి నడిచింది.

"ఒక్కటైనా ఉంచవే, ఇంకా పదహారు కాలర్లు తిప్పాలి" అని వెనక నుంచి అత్త అంటూనే ఉంది.

సెక్షను ఆఫీసు కట్ట మలుపు దగ్గర ఒకే ఒక్క గది. గోడకి కట్ట పటం, మూలన గునపాలు, దిమ్మిసలు, సున్నం డబ్బా. అక్కడ ముగ్గురే పనిచేస్తారు. ఆమె, కట్ట మేస్త్రీ, నిచ్చెన. నిచ్చెన అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా వినపడదు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, మోకాళ్లు దాటే చేతులు. ఇక కట్ట మేస్త్రీ ఆమె కన్నతండ్రి. ఇంట్లో 'ఏమే' అని పిలిచే మనిషి ఆఫీసు గడప దాటగానే 'మేడంగారూ' అంటాడు. ఆమెకి మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు అలవాటైంది. పద్ధతి పద్ధతే అంటాడాయన.

ఆయన పద్ధతి ఊరందరికీ తెలుసు. రోజూ పొద్దున్నే మేస్త్రీ, నిచ్చెన కట్ట వాలు వెంట నడుస్తారు. కన్నం కనపడితే నిచ్చెన బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టి తడుముతాడు. లోపలేమీ లేదనుకున్నాక బంకమట్టి ముద్దలు కూరి, దిమ్మిసతో కొట్టి, పైన మేస్త్రీ సున్నం బొట్టు పెడతాడు. మూడో రోజుకి బొట్టు చెదరకపోతే అది చచ్చిన కన్నం కింద లెక్క. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే వరస. కట్టకింది వీధిలో వాన పడ్డ రోజుల్లో జనం తలుపు తీసి ఒకసారి ఆ బొట్ల వైపు చూసి మళ్లీ పడుకుంటారు. ఇంజనీరమ్మ అంకెలు నేర్చుకున్నది కూడా పలక మీద కాదు, నాన్న భుజాలెక్కి ఆ బొట్లు లెక్కపెట్టి.

ఆమె వెళ్లేసరికి ఇద్దరూ టీ తాగుతున్నారు. పుల్లలు బల్ల మీద పెట్టింది.

"అత్త పెరట్లోవి."

మేస్త్రీ ఒకటి తీసి వేళ్ల మధ్య దొర్లించి నవ్వాడు. "ఇవి ముళ్లపందివి కదూ. మా చిన్నప్పుడు కొండ మీదివాళ్లు తెచ్చేవాళ్లు. ఎవరో అమ్మకానికి తెచ్చి పారబోసుకుని ఉంటారు మేడంగారూ. ఇక్కడెందుకుంటుంది? కొండలెక్కడ, మనమెక్కడ. ఎనభై కిలోమీటర్లు. బస్సెక్కి వచ్చిందా?"

"టిక్కెట్టు తీసుకుందో లేదో" అన్నాడు నిచ్చెన.

ఆమె నవ్వలేదు. బీరువాలోంచి కన్నాల రిజిస్టరు తీసింది. ఈ ఆర్నెల్లలో నలభై మూడు కన్నాలు. వరస నంబరు, చోటు, లోతు, మూసిన తేదీ. లోతు గడిలో మొదటి కన్నానికి 'ఒక చెయ్యి' అని ఉంది. దాని కింద పేజీ చివరి దాకా పైకీ కిందికీ రెండేసి చుక్కలు. పై మాటే మళ్లీ అని వాటికి అర్థం. తర్వాతి పేజీలోనూ అంతే. నిన్న ఈ పేజీలే చూసి, నాన్న రాత ఎంత పొందిగ్గా ఉందో అనుకుంటూ ఆమె సంతకం పెట్టింది.

"బాబాయ్, ఈ చెయ్యి ఎవరిది?"

"నాదేనమ్మా. మేస్త్రీ చెయ్యి పెడితే అర చెయ్యే అవుతుంది."

"లోపల పెట్టినప్పుడు నీ వేళ్లకి కన్నం అడుగు తగిలేదా?"

నిచ్చెన గ్లాసు కింద పెట్టాడు. "తగలడమంటే... నిరుడు తగిలేది."

"ఈ ఆర్నెల్లలో?"

నిచ్చెన భుజం రుద్దుకున్నాడు. "భుజం అడ్డొచ్చేదమ్మా."

"అంటే అక్కడ ఆగింది కన్నమా, నీ భుజమా?"

నిచ్చెన తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు, అదేదో పరాయివాడిదైనట్టు.

"ఎలుక ఇల్లు చెయ్యి దాటదు మేడంగారూ" అన్నాడు మేస్త్రీ. గొంతులో నవ్వు పోయింది. "ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కటీ దాటలేదు."

"ఎలుకదైతే దాటదు."

ఆమె అటవీ ఆఫీసుకి ఫోను చేసింది. అవతలి మనిషి తీరిగ్గా ఉన్నట్టున్నాడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినపడింది. పదేళ్ల కిందట అవి కొండల్లోనే ఉండేవని, ఏటి వెంబడి మొక్కజొన్న, దుంపల తోటలు పడ్డాక గట్టు పట్టుకుని దిగడం మొదలెట్టాయని చెప్పాడు. "ఏడాదికి ఏడెనిమిది కిలోమీటర్లు జరుగుతున్నాయండి. నిరుడు మీకు పాతిక కిలోమీటర్ల పైన ఒకటి లారీ కింద పడి చచ్చింది. అదే చివర అనుకున్నాం. మా పటంలో గీత అక్కడే గీశాం."

"ఎంత లోతు తవ్వుతాయి సార్?"

"పది మీటర్లు మామూలే. ఒక్క ఇంటినే తరతరాలుగా పెంచుకుంటూ పోతాయి. గదులవీ ఉంటాయి. ఎందుకండీ?"

ఆమె ఫోను పెట్టేసి, గునపం, గెడ తీసుకోమంది.

అత్త ఇంటి వెనక వాలులో పదిహేడో నంబరు కన్నం ఉంది. బొట్టు చెక్కుచెదరలేదు. నిచ్చెన గునపంతో బంకమట్టి పెళ్లగించాడు. గట్టిగా, నిజాయితీగా కొట్టిన మట్టి. పెళ్లలు ఊడటానికే పది నిమిషాలు పట్టింది. తర్వాత పన్నెండడుగుల గెడ లోపలికి తోశాడు. గెడ పోయింది. చివర పట్టుకున్న పిడికిలి పోయింది. మోచెయ్యి పోయింది. భుజం దగ్గర ఆగాడు. మొహం మట్టికి ఆనించి పక్కకి తిప్పి, "అందలేదు" అన్నాడు.

మేస్త్రీ మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "పొగకుండ తీసుకురా."

పూర్వం కన్నాలకి పొగ పెట్టేవాళ్లు. కుండలో తడి గడ్డి, నిప్పులు వేసి, కన్నం నోటికి ఆనించి ఊదితే పొగ ఎక్కడెక్కడ తేలుతుందో చూసి, ఆ దారులన్నీ మూసేవాళ్లు. ఆరేళ్ల కిందట మానేశారు. ఆరేసిన బట్టలకి పొగ వాసన పడుతోందని వీధి ఆడవాళ్లంతా వచ్చి పోట్లాడారు. అందరి కంటే ముందు నిలబడి పోట్లాడింది అత్తే. అప్పటి నుంచి పొగకి బదులు నిచ్చెన చెయ్యి వచ్చింది.

కుండ చుట్టూ తడి మట్టి మెత్తి నిచ్చెన ఊదడం మొదలెట్టాడు. రెండు నిమిషాలు గడిచాయి. ఏమీ లేదు. మేస్త్రీ మొహంలోకి కొంచెం రంగు వచ్చింది.

అప్పుడు పద్దెనిమిదో నంబరు బొట్టు అంచున దారమంత పొగ లేచింది. తర్వాత పదహారులో. తర్వాత ఇరవైలో. అక్కడితో ఆగలేదు. ఏ బొట్టూ లేని చోట, ముళ్లకంప మొదట్లోంచి బుస్సుమని వచ్చింది. కట్ట మీద బండ్లు తిరిగే దారి నడుమ, చక్రాల గాడిలోంచి వచ్చింది. ముప్పై అడుగుల అవతల, అదే వాలులో, గడ్డి మొత్తం ఒక్కసారిగా ఊపిరి వదిలినట్టు పొగలు కమ్మింది. ఇంజనీరమ్మ లెక్కపెడుతూ ఇరవై తొమ్మిది దగ్గర ఆపేసింది. కట్ట తగలబడటం లేదు. దానికి లోపలంటూ లేదు, అంతే.

కింద నుంచి అత్త గొంతు వినపడింది. "అన్నయ్యా, బట్టలుతికే బండ కింది నుంచి పొగొస్తోంది. నా బండ కింద ఎవరు పొయ్యి పెట్టారు?"

వీధిలో జనం బయటికొచ్చారు. బట్టలు పిండుతున్న చేతులు పిండుతూనే ఆగిపోయాయి.

"పొగకేం, సందుంటే చాలు, ఎక్కడికైనా పాకుతుంది" అన్నాడు మేస్త్రీ. ఆ మాట ఎవరితో అంటున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. "కట్ట గట్టిది. నేను కొట్టిన కట్ట ఇది. చూడండి మేడంగారూ." దిమ్మిస తీసుకుని కట్ట మీదికెక్కాడు. దారి నడుమ నిలబడి ఎత్తి కొట్టాడు. దబ్బుమంది. ఇంకో అడుగు వేసి కొట్టాడు. ఈసారి ఖాళీ గాబు మీద కొట్టినట్టు మోగింది. ఆ మోత విన్నాక ఇంకెవరైనా దిగిపోయేవారు. ఆయన మూడో దెబ్బ వేశాడు.

నేల నోరు తెరిచింది. మేస్త్రీ రొమ్ము దాకా దిగిపోయాడు.

"ఏమే" అన్నాడు. మేడంగారూ అనలేదు. అరవనూ లేదు. మామూలుగా, ఇంట్లో చెంబు అందుకోమన్నట్టు అన్నాడు. "ఏమే, నా కాళ్ల కింద ఏమీ తగలట్లేదే."

నిచ్చెన గెడ అడ్డంగా వేశాడు. ఇద్దరూ చెరో చంకలో చెయ్యి వేసి లాగారు. ఆయన బయటపడుతుండగానే గుంటలోంచి చప్పుడొచ్చింది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు. పొగలోంచి ముందు మూతి వచ్చింది, తర్వాత ఒళ్లు. పెద్ద గోనెసంచి అంత ఉంది. ముళ్లన్నీ నిక్కబొడుచుకుని తుమ్ముతోంది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక పిల్లలు రెండు. పట్టపగలు, అంతమంది చూస్తుండగా, వాలు దిగి, అత్త ఇంటి పక్క సందులోంచి వీధిలోకి వచ్చి, ఇన్నాళ్లూ రోజూ నడిచిన దారే అన్నట్టు నడుచుకుంటూ పోయాయి. ఒక్కరూ రాయి తియ్యలేదు. ముక్కున వేలేసుకోవడానికి కూడా ఎవరికీ చెయ్యి లేవలేదు.

ఇంజనీరమ్మ ఫోను తీసింది. పెద్ద ఇంజనీరు రెండో రింగుకే ఎత్తాడు.

"సార్, గేట్లు ఎత్తకండి. నా సెక్షను కట్ట లోపల డొల్లగా ఉంది."

"ఎత్తేశామమ్మా. కొండల్లో వాన ఎక్కువైంది, తొమ్మిదింటికే ఎత్తేశాం. నిన్న మీ కాగితమేగా వచ్చింది, కట్ట గట్టిదని. అది లేకపోతే మూడు రోజులు కొంచెం కొంచెంగా వదిలేవాళ్లం."

"ఆ కాగితం తప్పు సార్. చూడకుండా సంతకం పెట్టాను."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "దాని గురించి తర్వాత. ఇప్పుడు గేట్లు దించితే ఇక్కడ రిజర్వాయరుకే ముప్పు. మూడింటికి నీళ్లు మీ దగ్గరికొస్తాయి. కింద ఎన్ని ఇళ్లు?"

"అరవై రెండు."

"ఖాళీ చేయించండి. లారీలు పంపుతున్నా."

టైము పదిన్నరైంది.

మొదటి ఇంట్లో కళ్లజోడు ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పొగా చూశాడు, జంతువుల్నీ చూశాడు. అయినా లేవలేదు. "అడవి జంతువులన్నాక కన్నాలు చేసుకుంటాయమ్మా. మీ నాన్న మూసేస్తాడుగా. నువ్వు కొత్త, కంగారు పడకు." రెండో ఇంటావిడ బియ్యం చేటలోంచి తల కూడా ఎత్తలేదు. "చదువుకున్నవాళ్లకి అన్నిటికీ భయమే. మేస్త్రీ బొట్టు పెట్టాడా లేదా?" మూడో ఇంట్లో నవ్వారు. నాలుగో ఇంట్లో మంచినీళ్లిచ్చి కూర్చోమన్నారు. సొంత మేనత్తే కుట్టుమిషను ముందు నుంచి కదల్లేదు.

"పదహారు చొక్కాలు ఇవాళే ఇవ్వాలే. మాట పోతుంది. అయినా అన్నయ్య చెప్తే వెళ్తా. నువ్వు చెప్తే ఏంటి, నీ ముక్కు తుడిచింది నేనే."

గంటలో కదిలింది ఆరిళ్లే.

మేస్త్రీ ఆఫీసు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రొమ్ము దాకా మట్టి. కడుక్కోలేదు. అరచేతులు తిరగేసి చూసుకుంటున్నాడు.

"నాన్నా, నా మాట ఎవరూ వినట్లేదు."

"నా మాట మాత్రం ఎందుకు వినాలింక?"

"నీ మాటే వింటున్నారు. అదే గొడవ. నిన్నటి దాకా నువ్వు చెప్పింది వింటున్నారు. ఇవాళ్టిది చెప్పు."

"ఏం చెప్పనే?" ఆయన తల ఎత్తాడు. ఆ కళ్లు చూసి ఆమెకి భయమేసింది. సంతలో తప్పిపోయిన మూడేళ్ల పిల్లాడి కళ్లలా ఉన్నాయి. "నేను దొంగ పని చెయ్యలేదు. ప్రతి కన్నం మూశాను. గట్టిగా మూశాను. లోపల అది గదులు కట్టుకుంటుంటే నేను బయట తలుపులేశాను. ఆర్నెల్లు. రోజూ దాని ఇంటి మీద నడిచాను. నాకు తెలీలేదే."

"నాకూ తెలీలేదు. నీ రాత చూశాను, గెడ పెట్టి చూడలేదు. నా తప్పు నేను రాసుకుంటా. ఇప్పుడు మాత్రం లే నాన్నా. యాభై ఆరిళ్లున్నాయి."

ఆయన అరచేతుల్లో మట్టి దులుపుకున్నాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులానించి లేచాడు.

ఆ మట్టితోనే మొదటి ఇంటి ముందు నిలబడ్డాడు. ముసలాయన ఏదో అనబోయాడు. మేస్త్రీ అననివ్వలేదు. "నేను మూసిన కన్నాలు మూసుకోలేదు బాబాయ్. నా బొట్లు నమ్మొద్దు. లెగు."

పొగ చూసినప్పుడు కూడా చెదరని ముసలాయన మొహం ఆ మాటకి తెల్లబోయింది. మారుమాట లేకుండా చేతికర్ర కోసం తడుముకున్నాడు. రెండో ఇంటావిడ చేతిలో చేట ఒరిగి బియ్యం నేల పాలయ్యాయి. ఆవిడ వాటి వైపు చూడలేదు.

ఇల్లిల్లూ అదే మాట. ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా. 'నేను మూసిన కన్నాలు మూసుకోలేదు. నా బొట్లు నమ్మొద్దు. లెగండి.' పక్కనే నడుస్తున్న ఇంజనీరమ్మకి ముప్పయ్యో ఇంటి దగ్గర చెవులు మూసుకోవాలనిపించింది. నలభయ్యో ఇంటి దగ్గర గడ్డం గీసుకుంటున్న ఒకతను నురగ మొహంతోనే బయటికొచ్చాడు.

"మరి ఆర్నెల్లుగా కట్టకి ఏం పూస్తున్నావు మేస్త్రీ, పౌడరా?"

"పౌడరే అనుకో. పిల్లల్ని తీసుకుని లారీ ఎక్కు."

అతను సగం గడ్డంతోనే పిల్లల్ని చంకనేసుకున్నాడు.

చివరికి చెల్లెలి గడపలో నిలబడ్డాడు. అత్త ఆయన్ని పై నుంచి కింది దాకా చూసింది. మిషను పెడలు మీద కాలు ఆగిపోయింది. ఆయన మాట పూర్తి చెయ్యకముందే, "చాల్లే అన్నయ్యా. నాకు చెప్పక్కర్లేదు" అంది. మిషను మీద చెయ్యి వేసింది. "మిషను మాత్రం వదిలి రాను." నిచ్చెన మిషను తలకాయ విప్పి భుజానికెత్తుకున్నాడు. అత్త కుట్టినవీ కుట్టనివీ చొక్కాలన్నీ దుప్పట్లో మూట కట్టింది.

మిట్ట మీద హైస్కూలుంది. రెండున్నరకల్లా వీధంతా దాని వరండాలో ఉంది. మేస్త్రీ ఇళ్ల వారీగా మనుషుల్ని లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి నిచ్చెన చేత లెక్కపెట్టించాడు.

మూడింటికి ఏరు రంగు మారింది. నాలుగింటికి కట్ట నడుముకొచ్చింది. నిలబడుతుందేమో అని ఎవరో అన్నారు. ఇంజనీరమ్మ కూడా అదే కోరుకుంది. తను పిచ్చిదాన్నని అందరూ నవ్వినా సరే, నిలబడితే చాలనుకుంది.

ఐదూ పదికి, ఎండ ఇంకా ఉండగానే, అత్త ఇంటి వెనక కట్ట కూలబడింది. చప్పుడు లేదు. నడిచి నడిచి అలిసిన మనిషి చతికిలబడ్డట్టు, దారితో సహా అలా కిందికి కూర్చుంది. ఒక్క క్షణం ఏరు కూడా నమ్మనట్టు ఆగింది. ఆ తర్వాత వచ్చిన మోత చెవులతో కాదు, వరండా స్తంభానికి ఆనించిన వీపులతో విన్నారు. అత్త ఇల్లు ముందు వెనక గోడ వదిలేసింది, తర్వాత కప్పు, తర్వాత మొత్తం. దాని పక్కది. దాని పక్కది. ఇరవయ్యో ఇరవై రెండో ఇళ్లు. ఎవరూ ఏడవలేదు. పొద్దున్న తాగి కడగకుండా వదిలేసిన గ్లాసు గురించి ఒకావిడ పక్కావిడతో నెమ్మదిగా చెప్పుకుంటోంది, అంతే.

మర్నాడు ఉదయానికి నీళ్లు తీశాయి. ముగ్గురూ తెగిన కట్ట కొస దాకా వెళ్లారు. కట్ట కోత పడి, లోపలంతా బయటపడి ఉంది. నిట్టనిలువుగా కోసిన మూడంతస్తుల ఇల్లులా ఉంది. నిచ్చెన పాకుతూ పోగలిగినంత వెడల్పు దారులు. గోడలు ఒళ్లు రాసుకుని రాసుకుని నున్నబడి ఉన్నాయి. నీళ్లందని పై గదిలో ఎండుగడ్డి పరుపు ఇంకా పొడిగానే ఉంది. ఒక గదిలో దుంపల తొక్కలు. ఒక దారి నేరుగా దిగి, అత్త కుట్టుగది ఉన్న చోటి కిందికి పోయింది. రోజూ ఆమె మిషను తొక్కుతుంటే దాని కింద ఎవరో పడుకుని విన్నారన్న మాట.

ఇంజనీరమ్మ టేపు తీసి ఒక కొస నిచ్చెనకిచ్చింది. పదకొండు మీటర్లు. పద్నాలుగు మీటర్లు. అంకె చదివినప్పుడల్లా మేస్త్రీ తల ఊపాడు. ఆయన ఒక గది ముందు ఆగి, గోడ మీద గోళ్ల గీతల్లో వేళ్లు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"నా కంటే బాగా పనిచేసిందే" అన్నాడు. ఆఫీసు టైమే అయినా మేడంగారూ అనలేదు.

అప్పటికి కట్ట మీద జనం పోగయ్యారు. వాళ్లు కట్టకింది వీధి వాళ్లు కాదు. ఏటికి ఎగువన ఉన్న పేటవాళ్లు, ఓ పాతికమంది ఉంటారు. ఆడవాళ్ల చంకల్లో పిల్లలున్నారు. తెగిన కట్టనీ, అందులో గదుల్నీ చూసి ముందు వరసలోవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేశారు. వాళ్లలో పెద్దామె గొంతు సవరించుకుంది.

"మా వైపు కట్ట ఎలా ఉంది మేస్త్రీ?"

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ప్రశ్నకి ఆయన దగ్గర ఒకే జవాబుంది, గట్టిగా ఉందని. వానాకాలం వస్తే రోజుకి పదిసార్లు చెప్పేవాడు. నడక ఆపకుండా, వెనక్కి తిరక్కుండా చెప్పేవాడు. ఇప్పుడు ఆయన ఆ కట్ట పొడవునా చూశాడు. ఏటి వంపు దగ్గర అది కనుమరుగయ్యే దాకా చూశాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు.

ఇంకేదో అంటాడని వాళ్లు నిలబడ్డారు. పెద్దామె చెయ్యి చంకలోని పిల్ల వీపు మీద గట్టిగా బిగిసింది. ఎగువకి పద్నాలుగు కిలోమీటర్ల కట్ట ఉంది.